ఒకే సముద్రం, ఫోనుకొక పేరు

కాకినాడ: కాకినాడలో ఒక తండ్రి, అమెరికాలోని హ్యూస్టన్‌లో అతని కొడుకు ఉన్నారనుకుందాం. ఆదివారం పిల్లలను గాల్వెస్టన్ సముద్రతీరానికి తీసుకువెళ్లామని కొడుకు ఫోనులో చెబుతాడు. ఆ ఊరెక్కడుందో చూద్దామని తండ్రి తన సెల్‌ఫోనులో గూగుల్ మ్యాపు తెరుస్తాడు.

“ఏరా, మీ సముద్రానికి రెండు పేర్లేమిటి? గల్ఫ్ ఆఫ్ మెక్సికో అని ఉంది, పక్కనే బ్రాకెట్లో గల్ఫ్ ఆఫ్ అమెరికా అనీ ఉంది.”

“అదేం లేదు నాన్నా, నాకు ఒక్కటే కనిపిస్తున్నది. గల్ఫ్ ఆఫ్ అమెరికా.”

ఇద్దరూ చూసినది ఒకే కంపెనీ మ్యాపు. ఇద్దరూ చెప్పినదీ నిజమే. అదే కంపెనీ మ్యాపును మెక్సికో నగరంలో మరొకరు తెరిస్తే వారికీ ఒక్క పేరే కనిపిస్తుంది. కాని అది గల్ఫ్ ఆఫ్ మెక్సికో. 2025 ఫిబ్రవరి నుంచి జరిగిన మార్పు ఇది. నీరు కదలలేదు, తీరం కదలలేదు. చూసేవాడు నిలబడిన చోటును బట్టి పేరు మాత్రం మారిపోయింది.

సముద్రాలకు, కొండలకు, నదులకు పేర్లు మార్చడం కొత్త సంగతి కాదు. రాజులు మారినప్పుడల్లా జరిగినదే. అయితే వెనుకటి రోజుల్లో కొత్త పేరు జనం నోటికి రావాలంటే పటాలు మళ్లీ అచ్చు వేయాలి, బడి పుస్తకాలు మారాలి, ఏళ్లు పూళ్లు పట్టేది. ఇప్పుడు ఒక కంప్యూటర్‌లో ఒక మాట దిద్దితే తెల్లవారేసరికి కోట్లాది ఫోనుల్లో దర్శనమిస్తున్నది. అందువల్లనే తగాదా కూడా అంత వేగంగానూ ముదురుతున్నది.

ముప్ఫయి రోజుల గడువు

అమెరికా, మెక్సికో, క్యూబా దేశాల నడుమ సుమారు 16 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉన్న జలభాగాన్ని మన బడి పుస్తకాల్లో మెక్సికో సింధుశాఖ అని చదువుకున్నాం. ఆ పేరు పటాల్లో 400 ఏళ్లకు పైబడి ఉన్నది. అమెరికా సంయుక్త రాష్ట్రాలు పుట్టక ముందునుంచీ ఉన్నదన్నమాట.

డొనాల్డ్ ట్రంప్ రెండవసారి అధ్యక్ష పదవి స్వీకరించిన 2025 జనవరి 20న జారీ చేసిన ఉత్తర్వుల్లో ఒకటి ఈ పేరును గురించినది. 30 రోజులలోగా దీనిని ‘అమెరికా సింధుశాఖ’గా ప్రభుత్వ రికార్డుల్లో మార్చాలని ఉత్తర్వు. ఫిబ్రవరి 9న ట్రంప్ సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ చూడడానికి విమానంలో వెళుతూ, సరిగ్గా ఆ నీటి మీదుగా పోతున్న సమయంలో, ఆ రోజును ‘అమెరికా సింధుశాఖ దినం’గా ప్రకటించే పత్రంపై సంతకం చేశారు.

అమెరికాలో కొండలు, వాగులు, అఖాతాల పేర్లను నిర్ణయించడానికి 1890లోనే ఒక బోర్డు ఏర్పడింది. ఆ పేర్లన్నీ ప్రభుత్వ సర్వే శాఖవారు నిర్వహించే ఒక పెద్ద పట్టికలో ఉంటాయి. ఆ పట్టికలో పేరు మారగానే తమ మ్యాపులోనూ మారుస్తామని గూగుల్ కంపెనీ జనవరి నెలాఖరులోనే చెప్పింది. ప్రభుత్వ ఆధారాలలో ఉన్న పేరునే పాటించడం ఎప్పటినుంచో తమ పద్ధతి అని వివరించింది. ఫిబ్రవరి 10న మార్పు అమలులోకి వచ్చింది. అమెరికాలో ఉన్నవారికి కొత్త పేరు, మెక్సికోలో ఉన్నవారికి పాత పేరు, మిగిలిన ప్రపంచానికి రెండూ. మర్నాడే ఆపిల్ కంపెనీ కూడా అమెరికాలోని తన మ్యాపులో పేరు మార్చింది.

జనం ఊరుకోలేదు. హోటళ్ల గురించి, పార్కుల గురించి అభిప్రాయాలు రాసేచోట సింధుశాఖ పేరు మీద విమర్శలు గుప్పించారు. చివరికి ఆ ఒక్క చోటికి అభిప్రాయాలు రాసే వీలును కంపెనీ నిలిపివేయవలసి వచ్చింది.

మెక్సికో అభ్యంతరం ఏమిటి?

పేరు మార్పు మాట బయటికి వచ్చిన కొత్తల్లోనే మెక్సికో అధ్యక్షురాలు క్లాడియా షైన్‌బామ్ హాస్యంగా బదులిచ్చారు. పత్రికా గోష్ఠిలో 1607 నాటి ఒక పాత పటాన్ని తెరమీద చూపించారు. అందులో ఉత్తర అమెరికా ఖండానికి ‘మెక్సికో అమెరికా’ అనే అర్థం వచ్చే పేరు ఉన్నది. అమెరికాను ఇలా పిలుద్దామా అని ఆమె చమత్కరించారు.

మ్యాపులో పేరు నిజంగానే మారిన తర్వాత మాత్రం ధోరణి మారింది. ఆమె ప్రభుత్వం గూగుల్‌కు ఉత్తరాలు రాసింది. మెక్సికో వాదం సూటిగా ఉన్నది. ట్రంప్ ఉత్తర్వును శ్రద్ధగా చదివితే, అది మొత్తం సింధుశాఖకు వర్తించదు. టెక్సాస్ నుంచి ఫ్లోరిడా దాకా అమెరికా తీరాన్ని ఆనుకుని, మెక్సికో, క్యూబాల సముద్రపు హద్దు వరకు ఉన్న ఖండతీరపు అంచుకే ఆ పేరు పెట్టాలని ఉన్నది. సింధుశాఖలో 49 శాతం తమదని, 46 శాతం అమెరికాదని, 5 శాతం క్యూబాదని మెక్సికో లెక్క చెప్పింది. తన వాటాకు అమెరికా ఏ పేరైనా పెట్టుకోవచ్చు గాని తమ వాటాకు పెట్టే హక్కు లేదని దాని వాదన. ఉమ్మడి చెరువుకు మూడు ఊళ్ల ఆయకట్టు ఉంటే, ఒక ఊరి పెద్ద చెరువు మొత్తానికి తన పేరు రాయించుకున్నట్లున్నదని మెక్సికో బాధ.

అమెరికా ప్రతినిధుల సభ 2025 మే 8న కొత్త పేరును చట్టం చేసే బిల్లును 211-206 ఓట్లతో ఆమోదించింది. ఆ మర్నాడే, గూగుల్ మీద దావా వేశామని షైన్‌బామ్ ప్రకటించారు. తాము కోరుతున్నది అమెరికా ఉత్తర్వులో ఉన్నంత మేరకే పేరు రాయమని మాత్రమేనని ఆమె చెప్పారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఒక దేశం మరో దేశం మీద ఫిర్యాదుతో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లలేదు. ఒక ప్రైవేటు కంపెనీ మీద దావాకు పోయింది. ప్రపంచ పటం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో దీన్నిబట్టే తెలుస్తున్నది.

ఒక్క మాటకు తలుపు మూత

పేరు తగాదా పత్రికల వారినీ వదలలేదు. 1846లో ఆరంభమైన అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ప్రపంచమంతటా పత్రికలకు వార్తలు అందిస్తుంది. తమ వార్తలు అన్ని దేశాలవారూ చదువుతారు కనుక ‘మెక్సికో సింధుశాఖ’ అన్న పేరే వాడతామని, ట్రంప్ పెట్టిన కొత్త పేరును కూడా ప్రస్తావిస్తామని అది నిర్ణయించుకుంది. ఫలితంగా ఫిబ్రవరి 11న ఆ సంస్థ విలేఖరిని అధ్యక్ష భవనంలో జరిగిన కార్యక్రమానికి రానివ్వలేదు.

ఫిబ్రవరి 21న సంస్థ కోర్టుకెక్కింది. వాడే పదాన్ని బట్టి విలేఖరిని బయట నిలబెట్టడం తగదని ఏప్రిల్ 8న కింది కోర్టు చెప్పింది. జూన్ 6న అప్పీలు కోర్టు ఆ తీర్పు అమలును చాలా మేరకు నిలిపివేసింది. అధ్యక్షుని కార్యాలయం వంటి చిన్న గదుల్లోకి ఎవరిని పిలవాలో ఆయన ఇష్టమని ఇద్దరు న్యాయమూర్తులు, కాదని ఒకరు అభిప్రాయపడ్డారు. పటం మీద ఒక పేరు చివరికి పత్రికా స్వాతంత్ర్యం దాకా వెళ్లింది.

ఒకే కొండకు పదేపదే బారసాల

అదే ఉత్తర్వులో మరో పేరు కూడా ఉన్నది. అలాస్కాలో 20,310 అడుగుల ఎత్తున ఉన్న పర్వతం ఉత్తర అమెరికా ఖండంలోకెల్లా పెద్దది. అక్కడి కోయుకాన్ తెగ ఆదివాసులు దానిని తరతరాలుగా ‘డెనాలి’ అంటారు. ఎత్తైనది అని అర్థం. 1896లో బంగారం వెతుక్కుంటూ ఆ ప్రాంతానికి పోయిన విలియం డికీ అనే ఆయన, ఆ ఏడు అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మెకిన్లీ పేరును ఆ కొండకు తగిలించాడు. ఒహాయో రాష్ట్రానికి చెందిన మెకిన్లీ అలాస్కాలో ఏనాడూ అడుగుపెట్టినవాడు కాడు. అయినా 1917 చట్టంతో ఆ పేరే ఖాయమైంది.

పాత పేరు తిరిగి ఇవ్వమని అలాస్కా రాష్ట్రం 1975లో అడిగింది. ఒహాయోకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు రాల్ఫ్ రెగ్యులా దానికి దశాబ్దాల తరబడి అడ్డుపడ్డారు. చట్టసభ ముందు బిల్లు ఉన్న పేరు జోలికి నామాల బోర్డు పోదు. ఆ నియమాన్ని ఆసరా చేసుకుని ఆయన ప్రతి సభలోనూ ఒక బిల్లు పడేసి ఉంచేవారు. 1980లో కొండ చుట్టూ ఉన్న పార్కుకు డెనాలి పేరు వచ్చింది గాని కొండ మాత్రం మెకిన్లీగానే మిగిలింది. 2015లో ఒబామా ప్రభుత్వం కొండకూ డెనాలి పేరు తిరిగి ఇచ్చింది. పదేళ్లు గడవకముందే, 2025లో మళ్లీ మెకిన్లీ అయింది. పార్కు పేరు మార్చలేదు. కనుక డెనాలి పార్కులో మెకిన్లీ పర్వతం అని చెప్పుకోవలసి వచ్చింది.

కొండ పూర్తిగా అమెరికాలోనిదే కనుక పేరు మార్చే అధికారం అధ్యక్షుడికి ఉన్నదని అసోసియేటెడ్ ప్రెస్ కూడా ఒప్పుకుంది. చట్టం ప్రకారం అది సరే. కాని కొండ కింద ఉన్నవారి మాటేమిటి? డెనాలి పేరే ఉంచమని అలాస్కా చట్టసభ 2025 ఆరంభంలోనే తీర్మానం చేసింది. ట్రంప్ పార్టీకే చెందిన అలాస్కా సెనేటర్ లిసా మర్కౌస్కీ ఆ మేరకు బిల్లు కూడా పెట్టారు. ప్రభుత్వ ఆధారాలను పాటిస్తామని చెప్పే మ్యాపు కంపెనీకి రాజధానిలోని పట్టిక కనిపిస్తుంది. కోయుకాన్ ముసలివాళ్ల నోటిలోని మాట కనిపించదు.

పేరు వద్దు, నంబరు చాలు

ఇటువంటి తగాదాలు ఇంకా ఉన్నాయి. జపాన్, కొరియాల నడుమ సముద్రాన్ని లోకమంతా జపాన్ సముద్రం అంటుంది. కొరియా వారు తూర్పు సముద్రం అంటారు. సముద్రాల హద్దులు, పేర్లు తెలిపే అంతర్జాతీయ పుస్తకం 1920ల చివర తొలిసారి వెలువడినప్పుడు కొరియా జపాన్ పాలనలో ఉన్నది. తమ మాట వినిపించే అవకాశమే లేకపోయిందని కొరియన్ల ఫిర్యాదు. 1992లో వారు ఐక్యరాజ్యసమితి వేదిక మీద ఈ సంగతి లేవనెత్తారు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో స్థిరపడిన కొరియన్లు బడి పుస్తకాల్లో రెండు పేర్లూ ఉండేలా 2014లో చట్టం చేయించుకున్నారు.

ఆ పుస్తకాన్ని ప్రచురించేది మొనాకోలో ఉన్న అంతర్జాతీయ జలమాపన సంస్థ. 1953 తర్వాత దానికి కొత్త కూర్పు రానేలేదు. ఈ తగాదాయే అందుకు ముఖ్య కారణం. చివరికి 2020 నవంబరులో సభ్య దేశాలు ఒక ఉపాయానికి ఒప్పుకున్నాయి. డిజిటల్ పటాల కోసం సముద్రాలకు పేర్లకు బదులు నంబర్లు ఇవ్వాలన్నది ఆ ఉపాయం. కంప్యూటర్లకు నంబరు చాలు. ఓడలకూ ఇబ్బంది లేదు. అవి నడిచేది అక్షాంశ రేఖాంశాల లెక్క మీద. అయితే నంబరు పెట్టి సముద్రాన్ని పిలిచే బెస్తవాడు ఏ దేశంలోనూ ఉండడు కదా!

అసలు ఏ పేరూ రాయకుండా వదిలేసినా తంటాయే. ఇరాన్, అరబ్బు దేశాల మధ్య జలాలను ఇరాన్ పర్షియా సింధుశాఖ అంటుంది, అరబ్బులు అరేబియా సింధుశాఖ అంటారు. 2012లో గూగుల్ మ్యాపులో ఆ నీటి మీద ఏ పేరూ లేదని ఇరాన్ గమనించి, దావా వేస్తామని హెచ్చరించింది.

మన పటాల సంగతి

ఈ వ్యవహారం మనకు దూరపుది కాదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని కొండలకు, నదులకు, కనుమలకు, ఊళ్లకు చైనా ప్రభుత్వం తన పేర్లు పెడుతూ జాబితాలు విడుదల చేస్తున్నది. 2017లో 6, 2021లో 15, 2023లో 11, 2024లో 30, 2025లో 27 పేర్లు వెలువడ్డాయి. కల్పించిన పేర్లతో వాస్తవం మారదని భారత ప్రభుత్వం ప్రతిసారీ తిరస్కరించింది. 2009లో గూగుల్ మ్యాపులో అరుణాచల్‌లోని కొన్ని ఊళ్ల పేర్లు చైనా లిపిలో ప్రత్యక్షమయ్యాయి. గగ్గోలు పుట్టగా, అది పొరపాటున జరిగిందని కంపెనీ చెప్పి సరిచేసింది.

చూసేవారిని బట్టి పటం మారడం మనకూ అలవాటైన విషయమే. భారతదేశంలో మ్యాపు తెరిస్తే కాశ్మీరు సరిహద్దు మన చట్టం ప్రకారం పూర్తి గీతతో కనిపిస్తుంది. ఇతర దేశాల్లో తెరిస్తే అదే గీత చుక్కలుగా కనిపిస్తుంది. మన చేతిలో మన పటం ఉండాలన్న కోరికతోనే ఇస్రో సంస్థ 2009లో ‘భువన్’ను ప్రారంభించింది. దానిని నడిపేది హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం.

2018 డిసెంబరులో అండమాన్‌లోని రాస్, నీల్, హేవ్‌లాక్ దీవులకు నేతాజీ సుభాస్ చంద్ర బోస్ ద్వీపం, షహీద్ ద్వీపం, స్వరాజ్ ద్వీపం అని పేర్లు పెట్టినప్పుడు ఏ దేశమూ అభ్యంతరం చెప్పలేదు. అవి పూర్తిగా మన దీవులు. మరోవైపు, కాకినాడ తీరాన గోదావరి మేటతో ఏర్పడిన ఇసుక దీవికి హోప్ ఐలండ్ అన్న ఇంగ్లీషు పేరు నేటికీ నిలిచి ఉన్నది. దాన్ని గురించి ఎవరికీ పట్టింపు లేదు. పరాయి పేరు అయినంత మాత్రాన తగాదా రాదు. ఒకరు వాడుకుంటున్న పేరును వారిని అడక్కుండా తీసేసినప్పుడే తగాదా వస్తుంది.

ఎవరెస్టు దొర వద్దన్న పేరు

ఈ మాట ఇంచుమించు 170 ఏళ్ల కిందటే చెప్పిన ఒక సర్వే అధికారి ఉన్నాడు. ఆయన జార్జ్ ఎవరెస్ట్. 1818లో లాంబ్టన్ దొరకు సహాయకుడిగా హైదరాబాదు చేరాడు. కృష్ణా గోదావరి నదుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తూ విషజ్వరం బారిన పడ్డాడు. తర్వాత భారత సర్వే శాఖకు అధిపతి అయి పదవీ విరమణ చేశాడు.

హిమాలయాల్లో 15వ నంబరు శిఖరమని రికార్డుల్లో రాసుకున్న కొండ ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని రాధానాథ్ సిక్దర్ లెక్కలవల్ల తేలింది. ఎవరెస్ట్ తర్వాత పదవికి వచ్చిన ఆండ్రూ వా, ఆ శిఖరానికి స్థానికంగా పేరు ఏదీ దొరకలేదంటూ 1856లో తన పై అధికారి పేరు ప్రతిపాదించాడు. టిబెట్ వాసుల ‘చోమోలుంగ్మా’ అన్న పేరు అప్పటికే 18వ శతాబ్దపు ఫ్రెంచి పటంలో ఉన్నది. అభ్యంతరం చెప్పినవారిలో ఎవరెస్ట్ కూడా ఉన్నాడు. తన పేరు హిందీలో, పారశీకంలో రాయడానికి కుదరదని, ఈ దేశస్థులకు నోరు తిరగదని 1857లో ఆయన అన్నాడు. ఆయన మాట చెల్లలేదు. 1865లో లండన్‌లోని రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ ఆ పేరునే ఆమోదించింది. ఇంకో విచిత్రం ఏమంటే, ఆయన తన ఇంటిపేరును ‘ఈవ్‌రెస్ట్’ అని పలికేవాడు. లోకం పలుకుతున్నది ఆయన పేరు కూడా కాదు!

నాడు లండన్‌లో కూర్చున్న పెద్దలు చేసినదే నేడు రాజధానుల్లోని పట్టికలు, కంపెనీల కంప్యూటర్లు చేస్తున్నాయి. తేడా ఒక్కటే. నాడు పటం అందరికీ ఒకే పేరు చూపేది. కనుక నచ్చనివారు ఆ పేరును చూసి పోట్లాడేవారు. నేడు ఎవరి ఫోను వారికి నచ్చిన పేరే చూపుతున్నది. దానివల్ల కంపెనీకి గొడవ తగ్గుతుంది. కాని హ్యూస్టన్ బడిలో చదివే పిల్లవాడికి, మెక్సికోలోని వెరాక్రూజ్ రేవులో పెరిగే పిల్లవాడికి తమ ఇద్దరి ముందున్నది ఒకే నీరని, దానికి ఎదుటివారు మరో పేరు పెట్టుకున్నారని తమ ఫోను చెప్పదు.

ఆ సంగతి తెలిసేది రెండు పేర్లూ కనిపించే చోట ఉన్నవారికే. కాకినాడలోని తండ్రి తన కొడుకును అడిగిన ప్రశ్న కొడుకుకు తనంతట తోచేది కాదు.